తీసిందే చేరుతుంది

జాతరలో బుడగలు కొట్టే తుపాకీ గురిపెట్టిన చోటికే పోయిందని చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరయినా, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతరయినా ఆ అంగడి తీరు ఒకటే. నిలబెట్టిన చెక్కపలకకు రంగురంగుల బుడగలు, ముందు ఒక బల్ల, బల్ల మీద నాలుగైదు ఎయిర్ గన్లు, పక్కన రేకు డబ్బాలో సీసం గుండ్లు. డబ్బులిస్తే అంగడాయన గొట్టాన్ని మధ్యకు విరిచి, గుండు పెట్టి, మళ్ళీ మూసి చేతికిస్తాడు. ఎర్ర బుడగకు గురిపెడితే ఎర్రదీ పగలదు, పక్కనున్న పచ్చదీ పగలదు. గుండు రెండింటి నడుమ పలకకు తగిలి టక్కుమంటుంది. వెంటనే వెనకనుంచి ఒకడంటాడు, "గొట్టం వంచి పెట్టినాడప్పా, అంతా మోసం!"

గొట్టాన్ని ఎవరూ వంచి ఉండరు. ఊరూరా తిరిగి, వేల చేతుల్లో విరిగి మూసుకుని దాని కీలు వదులైపోయి ఉంటుంది. గొట్టం లోపలి మరలు అరిగిపోయి ఉంటాయి. వాడే గుండు బజారులో దొరికేవాటిలో అన్నిటికన్నా చవకది. గుండుకూ గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి సందు చాలు, వెనకనుంచి తోసే గాలి ఆ సందులోంచి జారిపోతుంది. గుండు గొట్టం గోడకు ఒక పక్క ఒరుసుకుంటూ పోయి, మూతి దగ్గర ఎటు ఒరిగితే అటే పోతుంది.

మా పడమటి మండలాల కుర్రాళ్ళు దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. ముందు ఒకటి రెండు గుండ్లు ఊరికే కొట్టి, ఏ తుపాకీ ఎటు లాగుతుందో చూసుకుంటారు. తర్వాత బుడగకు బెత్తెడు ఎడంగా, తుపాకీ లాగేదానికి ఎదురు దిక్కున గురిపెడతారు. ఠప్పు! ఒకసారి పుంగనూరులో అంగడాయన్నే అడిగాను, "గొట్టానికి సరిపోయే గుండ్లు తెచ్చిపెట్టచ్చు గదన్నా?" అని. ఆయన నన్ను జాలిగా చూసి, "వచ్చినోళ్ళందరికీ తగిలితే నేనేం తిని బతకాలన్నా?" అన్నాడు. న్యాయమే.

తగలనప్పుడు గురి మార్చుకునేవాళ్ళే లోకంలో ఎక్కువ. వాళ్ళ వల్లనే లోకం నడుస్తోంది కూడా. నూటికి ఒకడు మాత్రం గురి మార్చుకోడు. ఇంటికిపోయి, గుండు పోసే అచ్చు ముందరేసుకుని, ఆకురాయి పట్టుకుని కూర్చుంటాడు. ఆ ఒక్కడి బాధేమిటో తెలుసుకుందామని కొంతకాలం నేనూ ఆ జాతిలో చేరాను.

ఎయిర్ గన్ గుండు గుండ్రంగా ఉంటుందనుకుంటారు చూడనివాళ్ళు. బుడబుక్కలాయన చేతిలోని డమరుకాన్ని కందిగింజంత చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది అది. ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక గుల్లగా పావడా. మీట నొక్కగానే గాలి ఆ గుల్లలో దూరి పావడాను వెడల్పు చేస్తుంది. పావడా గొట్టం గోడను కరుచుకుని, మరల వెంబడి గిరగిరా తిరుగుతూ బయటపడుతుంది. బరువంతా తలలో ఉంటుంది గనక దారిలో పల్టీ కొట్టదు. అడ్డకొలత 4.5 మిల్లీమీటర్లు. బరువు అర గ్రాముకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన ఉంది.

ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి వాడేదీ ఈ కొలతదే. అక్కడ నడిమధ్యనుండే పది పాయింట్ల చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారం, 2012లో లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలుచుకున్నది ఆ చుక్కను కొట్టే. ఆ స్థాయివాళ్ళకు గుండ్లను 4.49, 4.50, 4.51, 4.52 అని మిల్లీమీటరులో వందోవంతు తేడాతో వేరువేరు డబ్బాల్లో అమ్ముతారు. తుపాకీని కదలకుండా బిగించి, ఏ డబ్బా గుండ్లు పడ్డచోటే పడుతున్నాయో చూసి, ఆ రకాన్నే నిల్వ చేసుకుంటారు. ఒక్కో గొట్టానికి ఒక్కో కొలత నచ్చుతుంది, ఎందుకని అడిగితే అది చెప్పదు. వాళ్ళు గొప్పవాళ్ళే, కాదనను. కానీ వంకర తుపాకీతో బుడగ పగలగొట్టమని వాళ్ళను జాతరలో నిలబెడితే మా పుంగనూరు కుర్రాడి ముందు ఎంతసేపు ఆగుతారో చూడాలని నాకొక కోరిక.

మా మేనమామది కుప్పం దగ్గర పల్లె. చెనక్కాయ చేనులో పడే అడవిపందులను బెదరగొడదామని ఆయన ఎప్పుడో ఒక ఎయిర్ గన్ కొన్నాడు. పందులు దాన్ని లెక్కచెయ్యలేదు. కౌండిన్య అడవినుంచి దిగే ఏనుగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. తుపాకీ గోడమేకుకు చేరింది. ఏటా ఆయుధపూజకు మాత్రం మామ దాన్ని దించి, ఇనుప కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టాన్ని లోపల భక్తిగా తోమేవాడు. పేల్చి అరగదీసినదానికంటే తోమి అరగదీసిందే ఎక్కువ. నా చేతికొచ్చేసరికి బజారు గుండు పెడితే వేలితో నొక్కే పని లేకుండా లోపలికి జారేది.

పోలీసుల భయం లేదా అని అడిగేవాళ్ళుంటారు. 0.177 అంగుళం గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న గాలి తుపాకీకి 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేదు కదా అని చిలకల మీద ఎత్తితే మాత్రం 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. నేను కొట్టేది పెరట్లో టమోటా క్రేటుకు కట్టిన అట్టముక్కను.

అచ్చు బెంగళూరులో, పాత ఇనుప సామాన్లు కుప్పపోసి అమ్మేచోట దొరికింది. రెండు అల్యూమినియం దిమ్మెలు, వాటికి పొడుగాటి పిడులు. మూస్తే లోపల గుండు ఆకారంలో ఖాళీ. దాన్ని చేసినాయన ఎవరో గానీ పావడాలో గుల్ల సంగతే పట్టించుకోలేదు. అందులోంచి వచ్చే గుండు అడుగు చదునుగా, నిండుగా ఉంటుంది. దాన్ని ఏ గాలీ ఉబ్బించలేదు. పైగా తల 4.5 కంటే రవంత తక్కువ. మా గొట్టానికి కావలసింది రవంత ఎక్కువ.

మదనపల్లె టమోటా మార్కెట్టుకు వచ్చిపోయే ట్రాక్టర్లకూ లారీలకూ బుష్షులు, పిన్నులు తిప్పే లేత్ షాపు ఒకటుంది. అక్కడి మేస్త్రీని ఊరంతా భాయ్ అంటుంది. ఆయన అచ్చును మూసి, వెలుతురుకు ఎత్తిపట్టి, సందులోంచి చూసి, "దీంట్లో ఏం చేయాల సార్?" అన్నాడు.

"గుండు కొంచెం లావు కావాల భాయ్."

"అయితే దీంట్లో కొంచెం తీయాల."

అంత చిన్న మాటకు నాకు బుర్ర తిరిగింది. మనం జీవితమంతా వస్తువులనే చెక్కుతాం. కుర్చీ కాలు చెక్కితే కాలు పొట్టిదవుతుంది, పెన్సిలు చెక్కితే పెన్సిలు అరుగుతుంది. అచ్చు దగ్గర ఇదంతా తలకిందులు. అచ్చులో తీసింది గుండులో చేరుతుంది. అచ్చులో గీత గీస్తే గుండు మీద గట్టు లేస్తుంది. అచ్చులో గట్టు ఉండిపోతే గుండుకు గాడి పడుతుంది. గుండును లావు చేయాలంటే తియ్యాలి, సరే. మరి సన్నం చేయాలంటే? దారి లేదు. తీసిన లోహాన్ని తెచ్చి అంటించలేం. అందుకే పని తెలిసినవాడు కావలసిన కొలతకంటే చిన్న అచ్చుతోనే మొదలుపెడతాడు. పెద్ద అచ్చు ఎంత అందంగా ఉన్నా కొనడు.

ఇంకోటి కూడా ఉంది. ఒక గుండు వంకరగా వస్తే దాన్ని ఏరి మళ్ళీ మూకుట్లో వేస్తాం. వంకర అచ్చులోనే ఉంటే దాన్ని ఎవరూ వంకర అనరు. వచ్చేవన్నీ అట్లాగే వస్తాయి గనక అదే పద్ధతి అయిపోతుంది. పక్కన పెట్టి పోల్చడానికి తిన్ననిది ఒక్కటన్నా ఉండదు. మన ఆఫీసుల్లో ఫారాలు నింపినవాళ్ళెవరికీ ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

భాయ్ మొదట అచ్చును ముట్టుకోనే లేదు. గొట్టం తెమ్మన్నాడు. మెత్తటి సీసం ముద్దను చెక్కపుల్లతో గొట్టంలో ఈ చివరినుంచి ఆ చివరికి తోసి, బయటపడ్డాక దాని మీది మరల గుర్తుల మధ్య మైక్రోమీటరు పెట్టి కొలిచాడు. ఆ కొలతను షట్టరు మీద సుద్దతో రాసుకున్నాడు. "తుపాకీ ఏం అడగతా ఉండాదో ముందు తెలుసుకోవాల సార్. అచ్చును అడిగితే అది దాని మాటే చెప్తాది."

తర్వాత దిమ్మెల ముఖాలు. ఆయన బల్ల మీద కుప్పం గ్రానైట్ పాలిష్ ముక్క ఒకటుంటుంది. కుప్పం గ్రీన్ అని పేరుపడ్డ రాయే. కొలతల గదుల్లో చదునుకు ఆధారంగా పెట్టుకునేది కూడా గ్రానైట్ దిమ్మెనే. దానికి తుప్పు పట్టదు, వేడికి ఇనుమంతగా సాగదు. ఆ రాతి మీద సన్నరకం ఎమరీ కాగితం పరిచి, నూనెచుక్క వేసి, దిమ్మెను ఎనిమిదంకె తిప్పినట్టు తిప్పుతూ రుద్దాడు. రెండు ముఖాలనూ కలిపి వెలుతురుకు పట్టాడు. మధ్యలో వెలుగుచార కనిపించకుండా పోయేదాకా మాట్లాడలేదు.

ఖాళీని పెద్దది చేయడం దీనికంటే చిత్రం. ఆ అచ్చులోనే ఒక గుండు పోశాడు. దాని అడుగున సన్నటి ఇనుప పుల్ల దిగగొట్టాడు. గుండుకు వాల్వ్ గ్రైండింగ్ పేస్టు పూశాడు. ట్రాక్టరు ఇంజనులో వాల్వులను కూర్చోబెట్టేందుకు వాడే పేస్టే. గుండును మళ్ళీ అచ్చులో పెట్టి మూసి, పుల్లను రెండు వేళ్ళతో మెల్లగా తిప్పసాగాడు. గుండు తాను పుట్టినచోటును లోపలినుంచి అరగదీస్తోంది. కాసేపు తిప్పి, తెరిచి, కిరసనాయిలుతో తుడిచి, కొత్త గుండు పోసి కొలిచాడు. చాలలేదు. మళ్ళీ తిప్పాడు. నేను ఆత్రపడి చెయ్యి చాపితే ఇవ్వలేదు. వేలు ఒక పక్కకే బరువిస్తే ఖాళీ కోలగా అరుగుతుందట, కోల అచ్చును బాగుచేసే మందు లేదట.

అడుగుపలకలో రంధ్రం తొలిచి, మొన చెక్కిన ఉక్కుపుల్లను ఖాళీలోకి దించాడు. పోసిన సీసం ఆ పుల్ల చుట్టూ గట్టిపడుతుంది, పుల్ల లాగేస్తే పావడా గుల్ల మిగులుతుంది. పుల్ల నట్టనడుమ నిలబడాలి. రవంత ఒరిగితే పావడా ఒక పక్క దళసరి, ఒక పక్క పలచన. చివరికి దిమ్మెల ముఖాల మీద సూదిమొనతో సన్నసన్నటి గీతలు లాగాడు. "ఇప్పుడేగా నునుపు చేసింది, మళ్ళీ గీతలేమిటికి భాయ్?" అన్నాను. లోపల ఖాళీగా ఉందని మనం అనుకుంటాంగానీ అక్కడ గాలి కూర్చుని ఉంది. అది లేచిపోవడానికి దారి చూపిస్తేనే సీసం మూలమూలకూ చేరుతుంది. ఆ గీతల్లో గాలి దూరుతుంది, సీసం దూరలేదు.

పోత మా పెరట్లోనే, ఆరుబయట. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గ్యాస్ పొయ్యి చాలు. కరిగాక కొవ్వొత్తి ముక్క వేసి కలిపితే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసేయాలి. అచ్చు లోపల కొవ్వొత్తి మసి పట్టిస్తే గుండు పట్టుకోకుండా ఊడుతుంది. మొదట్లో అచ్చు చల్లగా ఉంటుంది గనక గుండ్లు ముడతలు పడి వస్తాయి. అచ్చు వేడెక్కాక తళతళలాడుతూ రాలతాయి. నీటిచుక్క పడిందా, అది ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహాన చల్లుతుంది. పిల్లలను ఆ ఛాయలకు రానివ్వద్దన్నాడు భాయ్. చేతులు సబ్బుతో తోమి కడిగితేగానీ టీ గ్లాసు ముట్టుకోనివ్వలేదు. సీసం ఒంట్లోకి చేరితే మళ్ళీ సులభంగా పోదు, పసిపిల్లల మెదడుకు అది చేసే చేటు అంతా ఇంతా కాదు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీద్దామన్న నా పొదుపు ఆలోచనను ఆయన మాటకూడా పూర్తి కానివ్వలేదు.

వెనకటి రోజుల్లో తుపాకీ కొంటే దాని అచ్చు దానితోనే వచ్చేది. ఏ రెండు గొట్టాల కొలతా ఒకటి కాదు గనక ఒకదాని అచ్చు ఇంకొకదానికి పనికిరాదు. 1780 ప్రాంతం నుంచి ఆస్ట్రియా సైన్యం గిరార్డోని అనే గాలి తుపాకీని నిజంగానే యుద్ధాలకు వాడింది. మందు లేదు, పొగ లేదు, ఒకసారి నింపితే ఇరవై గుండ్లు. ఆ సిపాయి సంచిలో సీసం కరిగించే గరిటె కూడా ఉండేది. అదే కాలంలో మా సీమలో మైసూరు యుద్ధం నడుస్తోంది. 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ అలీ కన్నుమూశాడు. సరిగ్గా ఆ నెలలోనే ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరి సీసం పనివాడు విలియం వాట్స్ అసలు అచ్చే లేకుండా గుండ్లు చేసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇంటి మీద గోపురం లేపి, పైనుంచి కాస్త ఆర్సెనిక్ కలిపిన సీసాన్ని జల్లెడలోంచి వదిలాడు. చుక్కలు పడుతూ పడుతూ వాటంతటవే గుండ్రమై, అడుగున నీళ్ళతొట్టిలో చల్లారాయి. ఎవరూ చెయ్యి పెట్టకపోవడం వల్లనే అవి అంత గుండ్రంగా వచ్చాయి. భాయ్‌కి ఈ కథ చెబితే చాలాసేపు ఆలోచించి, "గుండ్రంగా కావాలంటే సరే సార్. నడుము కావాలంటే?" అన్నాడు. నిజమే. వదిలేస్తే వచ్చేది ఆ ఒక్క ఆకారమే. డమరుకం కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని చెక్కాల్సిందే.

షాపు మూలన గోతంలో భాయ్ దగ్గర ప్రెస్సు అక్షరాలున్నాయి. ఆఫ్‌సెట్ వచ్చాక మూతపడిన ఏదో ప్రెస్సువాళ్ళు కిలోల లెక్కన అమ్మేశారు. సీసంలో తగరం, ఆంటిమొనీ కలిపి పోసినవి. ఆంటిమొనీ వల్ల లోహం చల్లారేటప్పుడు పెద్దగా కుంచించుకుపోదు, తలకట్లూ కొమ్ములూ పదునుగా నిలుస్తాయి. వాటిని కరిగించి పోస్తే అంతవరకు చూడనంత నిగనిగలాడే గుండ్లు వచ్చాయి. అంచులు కత్తి. తుపాకీలో పెడితే ఒక్కటీ సవ్యంగా పోలేదు. ఆ గట్టిదనానికి పావడా ఉబ్బదు, మరలు పట్టవు. అక్షరాలు తూటాలవుతాయని సభల్లో చప్పట్ల మధ్య ఎన్నిసార్లు విన్నానో. మా పెరట్లో కాలేదు. ఒట్టి మెత్తటి సీసమే పనికొచ్చింది. మిగిలిన అక్షరాల్లోంచి ళ, ఱ, ఠ ఏరి భాయ్ సొరుగులో దాచుకున్నాడు. ఎందుకంటే, "బాగుండాయి సార్" అన్నాడు.

మదనపల్లెలో కూర్చుని అచ్చు గురించి ఇంతసేపు మాట్లాడి జిడ్డు కృష్ణమూర్తి పేరెత్తకపోతే ఊరు ఒప్పుకోదు. 1895లో ఇక్కడే పుట్టాడు. 1909లో అడయారు సముద్రం ఒడ్డున దివ్యజ్ఞాన సమాజం పెద్దల కంటపడ్డాడు. జగద్గురువు అనే అచ్చు వాళ్ళ దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది, కుర్రవాడు దొరికాడు. 1911లో అతని చుట్టూ ఒక సంఘమే కట్టారు. పిల్లవాణ్ణి నాకిచ్చెయ్యండని తండ్రి నారాయణయ్య కోర్టుకెక్కి మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో లండను ప్రీవీ కౌన్సిల్లో ఓడిపోయాడు. చివరికి 1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమెన్‌లో వేలమంది ముందు, కృష్ణమూర్తి తానే లేచి ఆ సంఘాన్ని రద్దుచేశాడు.

ఈ కథను మేమంతా అచ్చు బద్దలుకొట్టిన కథగానే చెప్పుకుంటాం. నాకు ఈమధ్య దానికంటే దాని తర్వాత జరిగినది ఎక్కువ ఆసక్తిగా ఉంది. మదనపల్లెకు దగ్గర్లో కృష్ణమూర్తి పెట్టిన రిషి వ్యాలీ బడివాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్నబళ్ళు నడుపుతారు. ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలు. అందరూ ఒకే పేజీ తెరవడం ఉండదు. కార్డులుంటాయి, గోడకు ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఎవరి మెట్టు నుంచి వాళ్ళు ఎక్కుతారు. జ్వరమొచ్చి కొన్నాళ్ళు మానేసిన పిల్ల తిరిగొచ్చి తాను ఆగిన కార్డే తీసుకుంటుంది. బడి అనే అచ్చు అక్కడ పగిలిపోలేదు. గంట కొడతారు, పలకలుంటాయి, పంతులుంటాడు. ఎవరో ముందు పిల్లల కొలత తీసి, తర్వాత అచ్చు ముట్టుకున్నారు. సంఘాన్ని రద్దుచెయ్యడానికి ఒక ప్రసంగం సరిపోయింది. కార్డులు మాత్రం ఎవరో ఒక్కొక్కటే రాయాలి, పిల్లల చేతికిచ్చి చూడాలి, మళ్ళీ దిద్దాలి.

మా గుండ్లు ఇప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కితేగానీ గొట్టంలోకి దిగవు. పది మీటర్లలో అట్టముక్క మీద రూపాయి బిళ్ళ మేరలో పడుతున్నాయి. బింద్రా చూస్తే నవ్వుతాడు, మామ చూసి తుపాకీ తిరిగిచ్చెయ్యమన్నాడు. పుంగనూరు స్నేహితుడొకడు తన తుపాకీకీ పోసుకుంటానని అచ్చు పట్టుకెళ్ళి మర్నాడే తెచ్చిచ్చాడు. అతని గొట్టం కొత్తది, మా గుండు తల అందులో దూరలేదు. మా తుపాకీకి కుదిరిన కొద్దీ ఆ అచ్చు మిగతా అన్ని తుపాకులకూ దూరమైపోయింది. ఈ సంగతి మొదట్లోనే తెలిసినా నేను ఆగేవాణ్ణి కాదు.

తల ఇంకాస్త గుండ్రం చేస్తే బిళ్ళ మేర ఇంకా తగ్గుతుందేమోనని మొన్న మళ్ళీ షాపుకు వెళ్ళాను. భాయ్ అచ్చును తెరిచి, గోటితో అంచు తడిమి, మూసి, నా చేతిలో పెట్టేశాడు.

"ఇంక తీసేదానికేమీ లే సార్. ఇంకొంచెం తీస్తే గుండు గొట్టంలో పట్టదు. అప్పుడు గొట్టం ఎత్తుకోనొస్తావు నా దగ్గరికి."

రెండు కొత్త దిమ్మెలు బెంగళూరు నుంచి తెప్పించి పెట్టుకున్నాను. టమోటా సీజను అయిపోనీ, చూద్దామంటున్నాడు.